ఇరవై మూడో నంబరు

గోడ గడియారంలో మధ్యాహ్నం రెండు నలభై. నాలుగింటికి కింది హాల్లో, అతిథుల ఎదుట, ఒక మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించి పరుగెత్తిస్తారు. ఆ మనిషిని ఇక్కడ అందరూ ఇరవై మూడో నంబరు అంటున్నారు. పేరు అడిగితే మాత్రం ఒక్కరికీ నోరు పెగలడం లేదు.

"పేరు మాకు తెలియదు మేడం," అంది చిట్టి. "స్కానింగు వస్తుంది, దానిమీద నంబరుంటుంది. అంతే. పేర్లన్నీ కింద సిస్టర్ బీరువాలో ఉంటాయి. తాళం డైరెక్టర్ గారి దగ్గర."

చిట్టి అనేది అసలు పేరు కాదు. ఇక్కడి లెక్కలకి పెద్దగా ఉండి చనిపోయిన మాస్టారు పెట్టుకున్న ముద్దుపేరు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఈ లాబులో నాలుగేళ్ళుగా ఆయన పక్క కుర్చీలోనే పనిచేస్తోంది. కళ్ళు బాగా వాచి ఉన్నాయి. ఏడ్చిన కళ్ళని చూసి కరిగిపోయే వయసు నాకు ఎప్పుడో దాటింది. ముప్ఫై ఏళ్ళు వేలిముద్రల విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక ఊరుకోలేక సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నదాన్ని. నా అనుభవంలో ఏడ్చేవాళ్ళలో సగం మంది నిజంగానే ఏడుస్తారు, మిగతా సగం ఇంకా బాగా ఏడుస్తారు.

మాస్టారు పోయింది మొన్న ఆదివారం. లాబు వెనక మెట్ల కింద, తల పగిలి, సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఊడ్చే ఆవిడకి కనిపించారు. లెక్కలు నడుస్తుంటే రాత్రి ఇక్కడే పడుకోవడం ఆయనకి అలవాటు కాబట్టి ఇంట్లో కంగారుపడలేదు. పోలీసులు కాలు జారిందని తేల్చేశారు. ఆయన భార్య ఒప్పుకోలేదు. ఈ పొద్దున్న నా గుమ్మంలో నిలబడి ఆవిడ అన్నది ఒకే ఒక్క మాట. "ఆయన చొక్కా జేబంతా జిగురు మరకండీ. ఇంకు అంటుతుందని జేబులో పెన్ను కూడా పెట్టుకోని మనిషి."

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి నాకది చాలు.

"ఇక్కడ మీరు చేసే పనేంటో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పమ్మా," అన్నాను.

చిట్టి గొంతు సవరించుకుంది. "గుండె మీద ఉండే రక్తనాళాలకి స్కానింగ్ తీస్తారు కదండీ. దాన్నిబట్టి ఆ నాళం ఆకారం కంప్యూటర్లో కడతాం. అందులో రక్తం పారిస్తాం. అంటే నిజం రక్తం కాదు, లెక్క. నాళం ఎక్కడ సన్నబడింది, ఆ ఇరుకు దాటాక రక్తం ఒత్తిడి ఎంత పడిపోయింది, అన్నీ లెక్కలోనే తేలిపోతాయి. చివరికి ఒక్క అంకె వస్తుంది. అడ్డేమీ లేకపోతే ఒకటి. సున్నా పాయింట్ ఎనభై కంటే తగ్గితే ఆపరేషన్. పైనుంటే మాత్రలు చాలు."

"ఇరవై మూడుకి ఎంతొచ్చింది?"

"పాయింట్ ఎనభై ఎనిమిది," తడుముకోకుండా చెప్పింది. "బయట డాక్టరు ఆపరేషన్ తప్పదన్నారట. మా లెక్క అక్కర్లేదంది. మూడు నెలలుగా మనిషి బాగానే ఉన్నారు. అందుకే ఇవాళ అతిథులకి ఆయన్నే పరుగెత్తించి చూపిస్తున్నారు."

"నలభై మందికి లెక్క కట్టారని విన్నాను. అందరివీ ఇలాగే నోటికొస్తాయా నీకు?"

కీబోర్డుని కాస్త పక్కకి జరిపింది. "ఇవాళ్టి కేసు కదా మేడం."

జవాబు అతికినట్టు సరిపోయింది. అలా సరిపోయే జవాబులంటేనే నాకు ఒళ్ళు మంట.

"ఆదివారం సంగతి చెప్పు."

"పన్నెండు నలభైకి వచ్చాను. మాస్టారు అప్పటికే ఉన్నారు. రెండుంపావుకి వెళ్ళిపోయాను. గేటు రిజిస్టర్లో సంతకం ఉంది."

"ఆయనేం చేస్తున్నారు?"

"ఏదో ప్రింటు పెట్టుకున్నారు," అంది మూలనున్న యంత్రం వైపు చూడకుండా.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నా చెల్లెలి మొగుడు. ఇంట్లో నా చేతి కాఫీ తాగేటప్పుడు పిల్లిలా ఉంటాడు గానీ, ఒంటిమీద యూనిఫాం పడితే చాలు, మీసం దానంతటదే లేస్తుంది.

"ఆ పిల్లని ఏడిపించడం అయిందా వదినా?"

"రండి మరిదిగారూ. మీ కాలు జారుడు కథ ఎందాకా వచ్చింది?"

"కథ కాదు, రిపోర్టు. టైపవుతోంది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ప్రాణం పోయింది రెండింటికీ ఆరింటికీ మధ్య అన్నాడు డాక్టరు. మూడు ఇరవైకి ఆయన పాస్‌వర్డుతో ఇరవై మూడో నంబరు రిపోర్టు సేవ్ అయింది. ఈ గదిలో కూర్చుంటే తప్ప ఈ మెషీన్ మాట వినదు. అంటే మూడు ఇరవైకి మనిషి బతికే ఉన్నాడా లేదా? ఆ తర్వాతే జారాడు. డైరెక్టరు చూస్తే మూడింటి నుంచి ఏడుదాకా పక్క బిల్డింగులో డాక్టర్ల సభలో, రెండొందల మంది ఎదురుగా స్టేజీ మీద. ఈ అమ్మాయి రెండుంపావుకే వెళ్ళిపోయింది. ఇక తోసిందెవరు, గోడలా?"

"ఆయన జేబులో ఏం దొరికిందో చెప్పలేదు."

"తాళాలు, కళ్ళజోడు, ఇదిగో ఈ కీచైన్ ముక్క." జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పడేశాడు. "వెధవది, కవరుకి అంటుకుపోయింది."

కవర్లో ఉన్నది వేలెడంత తెల్లటి వస్తువు. అల్లం కొమ్ములా అటూఇటూ రెండు పిలకలు. చిట్టి దాన్ని ఒక్క క్షణం చూసి, వెంటనే కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

నేను లేచి గోడ పక్కనున్న అద్దాల అలమార దగ్గరికి వెళ్ళాను. అలాంటి కొమ్ములే నలభై, వరసగా, నంబర్లతో ఉన్నాయి. ఇరవై మూడు మధ్యలో ఉంది. నలభైలోకీ అదే అందంగా, ముత్యంలా మెరుస్తోంది.

"ఇవేంటి చిట్టీ?"

"రక్తనాళాలే మేడం. మూడింతలు పెద్దవి చేసి, జిగురులాంటి ద్రవంతో ప్రింటు తీస్తాం. లోపల బోలుగా ఉంటాయి. డైరెక్టర్ గారు అంకెలు చూడరు. చేతిలో పెడితేనే నమ్ముతారు."

అలమార తెరిచి ఇరవై మూడు చేతిలోకి తీసుకున్నాను. "ఇది చేతికి అంటుకోవడం లేదే?"

"ప్రింటర్లోంచి తీసీ తీయగానే స్పిరిట్‌లో కడిగి, ఆ లైటు పెట్టెలో అరగంట ఉంచాలండీ. అప్పుడు గట్టిపడుతుంది. లేకపోతే..." ఆగిపోయింది.

"లేకపోతే చొక్కా జేబుకీ, పోలీసు కవరుకీ అంటుకుపోతుంది," అన్నాను.

మరిది మీసం కాస్త దిగింది. నేను మూలనున్న ప్రింటర్ తెర తట్టాను. చివరి పని ముగిసిన సమయం ఆదివారం మధ్యాహ్నం రెండు నలభై అయిదు.

నా బాల్‌పెన్ను విప్పి రీఫిల్ బయటికి తీశాను. అలమారలోని ఇరవై మూడులో దూరిస్తే ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోయింది. తర్వాత కవరు మూతి విప్పాను.

"వదినా! అది సాక్ష్యం, ముట్టుకోకండి!"

"ఇందాక కీచైన్ ముక్క అన్నట్టు గుర్తు."

వస్తువుకి చెయ్యి తగలకుండా రీఫిల్ దూర్చాను. సగందాకా వెళ్ళి గట్టిగా ఆగిపోయింది. తిప్పినా, నొక్కినా కదల్లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. అవే మలుపులు, అవే పిలకలు. రెండూ ఒకే మనిషి గుండెవి. ఒకటి దారి ఇస్తోంది, ఇంకొకటి ఇవ్వడం లేదు. గోడ గడియారం వైపు చూశాను. నాలుగింటికి పరుగెత్తబోయే మనిషి లోపల ఉన్నది ఈ రెండిట్లో ఏది?

"వినండి మరిదిగారూ. రెండు నలభై అయిదుకి మాస్టారు దీన్ని ప్రింటర్లోంచి తీశారు. జేబులో పెన్ను పెట్టుకోని మనిషి, కడగని జిగురు ముద్దని తెల్లచొక్కా జేబులో ఎందుకు పెట్టుకుంటారు? ఎవరో లాక్కోబోయారు కాబట్టి. ఆ తర్వాత ఆయన బతికుంటే మొదట చేసే పని దీన్ని కడగడం. కడగలేదు. మూడింటికే ఆయన మెట్ల కింద ఉన్నారు."

"మరి మూడు ఇరవైకి సేవ్ చేసిందెవరు? దయ్యమా?"

"ఎవరైనా కావచ్చు. ఆయన మాత్రం కాదు."

వాడికి కోపం వచ్చింది. తప్పు తనదని సగం తెలిసినప్పుడు మనిషికి వచ్చే కోపం. "ఒక ప్లాస్టిక్ ముక్కని పట్టుకుని హత్య అనమంటారా? కడగడం మర్చిపోయుండొచ్చు. మీరు రిటైరయ్యారు వదినా, ఆ సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పాలి."

"చెల్లెలు రోజూ చెబుతూనే ఉంది. వెనక మెట్లు చూద్దాం, రండి."

వెనక తలుపుకి అడ్డంగా ఒక స్టూలు పెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచారు. స్పిరిట్ వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి పగలంతా ఇలాగే తెరిచి పెడతారట. అంటే ఆదివారం కూడా తెరిచే ఉంది. గేటు రిజిస్టర్లో ఎన్ని సంతకాలుంటే ఏం లాభం, ఇటునుంచి ఎవరైనా దర్జాగా పైకి రావచ్చు. మెట్లు మొత్తం పద్దెనిమిది. ఫినాయిల్ వేసి శుభ్రంగా కడిగేసి ఉన్నాయి. కింద నుంచి డెమో హాలుకీ, పక్క బిల్డింగుకీ దగ్గరి దారి ఇదే. మాస్టారు ఆ ముక్క పట్టుకుని ఇటు పరుగెత్తారంటే, సభకి వెళ్తున్న డైరెక్టర్ చేతిలో పెట్టడానికే అయ్యుండాలి.

"ఎవరు కడిగించారు ఈ మెట్లు?"

"నేనే," అంది కింద నుంచి ఒక గొంతు.

డైరెక్టర్ పైకి వస్తున్నాడు. యాభై అయిదేళ్ళు, పొడుగు, నల్లకోటు. పద్దెనిమిది మెట్లు ఎక్కి పైన నిలబడి, కాస్త ఊపిరి తీసుకుని నవ్వాడు. సహోద్యోగి పోయి మూడ్రోజులు కాలేదు, ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనిషి చచ్చిపడిన చోటు అంత తొందరగా ఎందుకు కడిగించారు?"

"అతిథులు ఇటే వస్తారు. నెత్తుటి మీద నడిపించమంటారా? ఇన్‌స్పెక్టర్ గారి అనుమతి తీసుకునే కడిగించాను."

మరిది వైపు చూశాను. వాడు పైకప్పు వైపు చూశాడు.

"ఇరవై మూడో నంబరు ఎవరు?" అన్నాను.

"రోగి పేరు బయటపెట్టడం మా వృత్తిలో నేరం మేడం."

"ఆ రోగి ఇవాళ మీ ట్రెడ్‌మిల్ మీద పడి చస్తే అది ఏ వృత్తిలో నేరం?"

"ఆయనకేం కాదు." మళ్ళీ ఆ నవ్వే. "ఆయన సంగతి నాకు వదిలేయండి. ఆయన గుండెకి నేను హామీ."

"మాస్టారు మళ్ళీ లెక్క కట్టారు. నాళం మూసుకుపోయి ఉంది. ఇదిగో చూడండి." కవరు ఎత్తి చూపించాను.

డైరెక్టర్ దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "మాస్టారి మీద నాకు గౌరవం ఉంది. కానీ ప్రతి డెమోకి ముందు ఆయన ఇలాగే ఏదో ఒక పుల్ల పెట్టేవారు. మీరు వేలిముద్రలు చూసుకోండి, రక్తం సంగతి మాకు వదిలేయండి. నాలుగింటికి హాలుకి రండి, ఇరవై మూడు ఎవరో మీరే చూద్దురుగాని. మీరే ఆశ్చర్యపోతారు."

"డెమో ఆపండి."

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈవిడకి ఆపే అధికారం ఉందా?"

"లేదండీ," అన్నాడు నా చెల్లెలి మొగుడు.

డైరెక్టర్ వచ్చిన దారినే దిగిపోయాడు. ఆ మెట్ల మీద నిలబడి నేను ఒట్టేసుకున్నంత పనిచేశాను, వీడే అని. పేరు దాచాడు, రక్తం కడిగించాడు, సభ మూడింటికి మొదలైతే రెండు యాభైకి వీడు ఇక్కడుండటానికి అడ్డేముంది? ఒక్కటే ఇరుక్కుంది. మూడు ఇరవైకి వీడు స్టేజీ మీద ఉన్నాడు. ఈ గదిలో ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మాస్టారి పాస్‌వర్డు తెలిసినవాళ్ళు, ఏ ఫైలు ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు.

మూడు నలభైకి లాబులోకి తిరిగి వచ్చాం. చిట్టి ఏదో టైపు చేస్తోంది. చేతులకి నీలంరంగు రబ్బరు తొడుగులున్నాయి. నేను వచ్చినప్పటి నుంచీ ఉన్నాయి. ప్రింటర్ దగ్గర పనిచేసేవాళ్ళు వేసుకుంటారు కదా అని నేను పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్ళు చేతుల్నే చూసి బతికినదాన్ని, పప్పులో కాలేశాను.

"ఇవాళ ప్రింటర్ నడవడం లేదు కదమ్మా. కీబోర్డుకి తొడుగులెందుకు?"

వేళ్ళు ఆగిపోయాయి.

"తియ్యి."

"సబ్బు పడలేదు మేడం. చేతులు బాగాలేవు."

"తియ్యమ్మా."

కుడిచేతి తొడుగు మెల్లగా ఊడదీసింది. బొటనవేలు, దాని పక్క మూడు వేళ్ళు ఎర్రగా కంది, చివర్లన్నీ నీటి బొబ్బలు. అరచెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది.

"సబ్బు పడకపోతే చెయ్యంతా పొక్కుతుంది. ఇవి వస్తువు పట్టుకుని లాగిన వేళ్ళు. కడగని జిగురు ఒట్టి చేత్తో తగిలితే ఇలాగే అవుతుందా?"

ఊడదీసిన తొడుగుని మళ్ళీ వేళ్ళకి ఎక్కించుకోబోయింది.

"ఈ ముక్క పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్ళ వేలిముద్రలు దీనిమీద అచ్చుగుద్దినట్టు దిగి ఉంటాయి. మాస్టారివి ఉంటాయి. ఇంకెవరివి ఉంటాయో నేను చూసే లోపల నువ్వు చెబితే బాగుంటుంది. అక్కడ ఒక మనిషి పరుగెత్తడానికి ఇరవై నిమిషాలు కూడా లేవు."

చిట్టి మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఈసారి ఏడుపు రాలేదు. మాటలు వచ్చాయి.

"స్కానింగులో నాళం గరుకుగా వస్తుందండీ, మెట్లు మెట్లుగా. దాన్ని కాస్త నునుపు చెయ్యాలి. మూడుసార్లకి మించి చెయ్యనిచ్చేవారు కాదు మాస్టారు. డైరెక్టర్ గారు మా లాబు పుస్తకం అట్టమీదకి అందమైన బొమ్మ కావాలన్నారు. ఇరవై మూడుని ముప్ఫైసార్లు నునుపు చేశాను. బొమ్మకి అది, లెక్కకి అసలుది పంపాలి. ఆ రోజు తొందరలో బొమ్మ ఫైలునే లెక్కకి పంపేశాను."

"నునుపులో ఇరుకు కూడా పోయింది."

"పోయింది. జబ్బే లేనట్టు పాయింట్ ఎనభై ఎనిమిది వచ్చింది. మొన్న శనివారం మాస్టారు పట్టుకున్నారు. మళ్ళీ కడితే పాయింట్ అరవై ఒకటి. చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను. డెమో అయ్యాక నేనే ఆ పేషెంటుకి కబురు చేస్తానన్నాను. 'ప్రాణంతో వాయిదాలేంటి చిట్టీ' అన్నారు. గేటు దాటి వెళ్ళాను గానీ ఉండలేక వెనక మెట్లెక్కి వచ్చాను. ఆయన ఆ ముక్క పట్టుకుని దిగబోతున్నారు. లాక్కోబోయాను. జేబులో పెట్టేసుకున్నారు. నేను చొక్కా పట్టుకున్నాను, ఆయన విదిలించుకున్నారు..."

"పడ్డాక కిందికి దిగి చూశావా?"

తల అడ్డంగా ఊపింది. "లేదు మేడం. పైకొచ్చి ఆయన లెక్క చెరిపేసి పాతది సేవ్ చేశాను. ఊపిరి ఉందో లేదో... చూడలేదు."

నాకు చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. అదే క్షణంలో, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. గడియారం చూశాను. మూడు యాభై రెండు.

"మరిదిగారూ, డెమో ఆపే అధికారం ఇప్పుడైనా ఉందా మీకు?"

వాడు అప్పటికే చిట్టి మోచెయ్యి పట్టుకుని వెనక తలుపు దగ్గరున్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా నా ముందు పరుగెత్తడం వాడి జీవితంలో అదే మొదటిసారి.

మెట్లు దిగి, వరండా దాటి హాలు చేరేసరికి తలుపులు మూసి ఉన్నాయి. గుమ్మం దగ్గర కాపలా ఎవరూ లేరు, చీటీ ఒకటి అంటించి ఉంది, ప్రదర్శన పది నిమిషాలు ముందే మొదలవుతుందని. లోపల చప్పట్లు వినిపిస్తున్నాయి. తలుపు తోశాను.

వేదిక మధ్య ట్రెడ్‌మిల్ తిరుగుతోంది. దానిమీద పరుగెత్తుతున్న మనిషికి చొక్కా లేదు. ఛాతీ నిండా వైర్లు. వెనక తెరమీద ముత్యంలాంటి ఇరవై మూడో నంబరు బొమ్మ, దాని పక్కన ఆయన గుండె గీత. పొడుగు మనిషి. యాభై అయిదేళ్ళు.

"...ఆపరేషన్ తప్పదన్నారు," అంటున్నాడు డైరెక్టర్ అతిథులతో, రొప్పుతూ, నవ్వుతూ. "నేను మా లాబు అమ్మాయి కట్టిన లెక్కని నమ్మాను. అవును, ఇరవై మూడో నంబరు నేనే!"

హాలంతా మళ్ళీ చప్పట్లు.

"ఆపండి!" అని అరిచాను. "దిగండి! ఆ లెక్క తప్పు!"

నన్ను చూశాడు. నేను కక్షకొద్దీ వచ్చాననుకున్నాడో ఏమో, మొహంలో అదే నవ్వుతో చెయ్యి చాచి వేగం ఇంకొక మెట్టు పెంచాడు. మరిది ట్రెడ్‌మిల్ వైరు పీకడానికి వేదిక వైపు పరుగెత్తాడు. తెర పక్కనున్న సిస్టర్ గుండె గీత చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

నా వెనక చిట్టి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "సార్... అది మీదా?"

ఆ చప్పట్లలో ఆయనకి వినిపించడానికి వీల్లేదు. కానీ తన లాబు అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉండటం చూశాడు. ఆమెకి చెయ్యి ఊపబోయాడు. చెయ్యి భుజం దాకా లేచి, అక్కణ్ణుంచి పైకి రాలేదు.